ఆయిల్‌లో ఇనుప రజను, బోల్టుకు అయస్కాంతం

నెల్లిమర్ల నుంచి విజయనగరం దాదాపు పది కిలోమీటర్లు. జూట్ మిల్లు ఊరిగా పేరున్న ఈ చిన్న పట్టణం నుంచి కొలువులకూ కాలేజీలకూ వెళ్లే స్కూటర్లు పొద్దున్నే రోడ్డెక్కి సాయంత్రానికి తిరిగొస్తాయి. చక్రం పది కిలోమీటర్లు దొర్లేసరికి లోపల పిస్టన్ ఎంత దూరం నడుస్తుంది? లెక్క కట్టడం కష్టమేం కాదు. బీఎస్-6 హోండా యాక్టివా 110 ఇంజిన్‌లో పిస్టన్ స్ట్రోక్ 63.1 మిల్లీమీటర్లు. ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్తుంది. అంటే చుట్టుకు 126 మి.మీ. ప్రయాణం. బండి పావుగంట నడిచి, ఇంజిన్ సగటున నిమిషానికి 5,000 చుట్లు తిరిగిందనుకుంటే మొత్తం 75,000 చుట్లు. దూరంగా చెప్పాలంటే సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. బండి మీది మనిషి విజయనగరం చేరేలోపు పిస్టన్ రింగులు కూడా బోరు గోడను రాసుకుంటూ ఇంచుమించు అంత దూరమూ నడిచేస్తాయన్నమాట.

అంత రాపిడికి తట్టుకుని ఇంజిన్ నిలుస్తోందంటే ఆ పుణ్యం ఆయిల్‌ది. రింగుకూ బోరుకూ నడుమ, క్యామ్‌కూ రాకర్‌కూ నడుమ, బేరింగు గుండుకూ దాని దారికీ నడుమ పలచటి ఆయిల్ పొర నిలబడి లోహాన్ని లోహానికి తగలనివ్వదు. ఈ పొర మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మనిషి తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. క్యామ్ ఒత్తిడి గట్టిగా పడే చోట ఆయిల్ పొర ఒక మైక్రాన్‌కు కూడా లోపే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, పిస్టన్ పైకొనకు చేరి ఒక్క తృటి ఆగే చోట ఈ పొర చిరిగిపోతుంది. అప్పుడు లోహం మీద లోహం గీసుకుంటుంది. గీసుకున్న ప్రతిసారీ కాస్త రజను రాలుతుంది.

ఆ రజను ఎక్కడికి పోతుంది? ఆయిల్‌లోకే.

కొత్త బండికి మొదటి సర్వీసు వెయ్యి కిలోమీటర్ల లోపే పెట్టడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. బోరు గోడ మీద, గేరు పళ్ల మీద ఫ్యాక్టరీ పనితనం మిగిల్చిన సన్నటి గరుకుదనం తొలి కిలోమీటర్లలోనే అరిగి నున్నబడుతుంది. అప్పుడు తీసిన ఆయిల్‌ను ఎండలో చూస్తే వెండిపొడి కలిపినట్టు మెరవడం సహజం. ఆ తర్వాత అరుగుదల బాగా తగ్గుతుంది గానీ ఎప్పటికీ ఆగిపోదు. రేణువుల లెక్క వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్క మిల్లీగ్రాము ఇనుము 10 మైక్రాన్ల ఉండలుగా విడిపోతే దాదాపు రెండు లక్షల నలభై వేల రేణువులవుతాయి. వీటిలో ఆయిల్ పొర మందాన్ని మించినవి మళ్లీ రెండు లోహాల నడుమ చిక్కి కొత్త గీతలు గీస్తాయి, ఇంకొంత రజను రాలుస్తాయి. పైగా వేడి ఆయిల్‌లో ఇనుము, రాగి రేణువులు ఉత్ప్రేరకాలుగా పనిచేసి, ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి చెడిపోయే వేగాన్ని పెంచుతాయి.

కారు ఇంజిన్‌లో మూడు నాలుగు లీటర్ల ఆయిల్, దానికి తోడు కాగితం ఫిల్టర్ ఉంటాయి. గేర్‌లెస్ స్కూటర్లో ఆయిల్ ముప్పావు లీటరు అటూ ఇటూ. చాలా మోడళ్లలో కాగితం ఫిల్టర్ కూడా ఉండదు, ఆయిల్ పంపుకు ముందు ఒక లోహపు జాలీ మాత్రమే ఉంటుంది. దాని కన్నాలు కంటికి కనిపించేంత పెద్దవి. గాస్కెట్ ముక్క, లోహపు పెచ్చు లాంటివి పంపులోకి పోకుండా ఆపడమే దాని పని. ఇరవై, ముప్పై మైక్రాన్ల రేణువు దాని గుండా దర్జాగా వెళ్లిపోతుంది.

మోటార్ సైకిల్‌తో పోలిస్తే స్కూటర్‌కు ఒక వెసులుబాటు ఉంది. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లూ గేరుబాక్సూ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. గేరు మార్చినప్పుడల్లా రాలే రజను, క్లచ్ ప్లేట్ల పొడి అదే ఆయిల్‌లో కలుస్తాయి. స్కూటర్లో బెల్టు, క్లచ్ పొడిగా వేరే గదిలో ఉంటాయి. అందుకే స్కూటర్ ఆయిల్ డబ్బా మీద జపాన్ ప్రమాణమైన జాసో ప్రకారం ఎంబీ అని, బైకు ఆయిల్ మీద ఎంఏ అని ముద్ర ఉంటుంది. తడి క్లచ్ జారకూడదు కనుక బైకు ఆయిల్‌కు ఘర్షణ కొంత అవసరం. స్కూటర్‌కు ఆ బెడద లేదు. కాబట్టి స్కూటర్ ఇంజిన్ ఆయిల్‌లో దొరికే ఇనుము ఎక్కువగా బోరు, రింగులు, క్యామ్, టైమింగ్ చైన్, ఆయిల్ పంపు, బేరింగుల నుంచి వచ్చినదే.

ఈ ఇనుమును పట్టడానికి పుట్టిందే అయస్కాంతపు డ్రెయిన్ బోల్టు. ఇంజిన్ అడుగున ఆయిల్ దింపడానికి విప్పే బోల్టు లోపలి కొనకు చిన్న అయస్కాంతాన్ని బిగిస్తారు. అంతకు మించి అందులో యంత్రాంగమేమీ లేదు. ఆలోచన కూడా కొత్తది కాదు. లారీలు, ట్రాక్టర్ల వెనక యాక్సిల్ హౌసింగుల్లో, ఆటోమేటిక్ గేర్ల కార్ల ఆయిల్ ట్రేలలో అయస్కాంతాలు పెట్టడం ఎప్పటి నుంచో ఉంది. కేటీఎం 390 డ్యూక్‌లో కంపెనీ బిగించే డ్రెయిన్ ప్లగ్గుకే అయస్కాంతం ఉంటుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా దాన్ని శుభ్రం చేయమని పుస్తకం చెబుతుంది. విజయనగరం జిల్లా రైతులకు రైస్ మిల్లుల్లో ఇదే సూత్రం పరిచయం. ధాన్యంలో కలిసొచ్చిన మేకులు, తీగముక్కలు రోలర్లను చేరకుండా దారిలోనే అయస్కాంతంతో లాగేస్తారు.

మరి ముప్పావు లీటరు ఆయిల్‌లో తేలే రజనునంతా గోళీ అంత అయస్కాంతం పట్టేయగలదా? పట్టలేదు. కారణం భౌతికశాస్త్రం. అయస్కాంతం రేణువును లాగే బలం రేణువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆ రేణువు కదలకుండా ఆయిల్ అడ్డుకునే బలం దాని వ్యాసాన్ని బట్టి ఉంటుంది. 100 మైక్రాన్ల రేణువు బదులు 10 మైక్రాన్ల రేణువు వస్తే లాగే బలం వెయ్యో వంతుకు పడిపోతుంది, అడ్డుకునే బలం మాత్రం పదో వంతుకే తగ్గుతుంది. దాంతో చిన్న రేణువు అయస్కాంతం వైపు జరిగే వేగం నూరో వంతు. దూరం సంగతి ఇంకా కఠినం. అయస్కాంతం కొన నుంచి రెండు మూడు సెంటీమీటర్లు దాటితే లాగుడు దాదాపు ఉండదు. పెచ్చులు, పెద్ద రేణువులు సులువుగా చిక్కుతాయి. సన్నటి పొడి పంపు తిప్పుడులో మళ్లీ మళ్లీ బోల్టు పక్కగా వచ్చినప్పుడు కొద్దికొద్దిగా అంటుకుంటుంది. రాత్రంతా బండి నిలిపి ఉంచినప్పుడు అడుగుకు దిగిన రేణువులకు బోల్టు దగ్గరవుతుంది, మర్నాడు స్టార్ట్ చేసినప్పుడు అవి తిరిగి పైకి లేవకుండా కొంతవరకు పట్టి ఉంచుతుంది.

దీనికి చిక్కనివి కూడా చాలానే ఉన్నాయి. పిస్టన్ అల్యూమినియం మిశ్రమంతో చేసినది. ఇంజిన్ పెట్టె, సిలిండర్ హెడ్ కూడా అల్యూమినియమే. పిస్టన్ జామ్ అయి గీసుకుపోయినా ఆ పొడి బోల్టును తాకదు. ఇత్తడి, కంచు, రాగి ఇంతే. అన్నింటికన్నా ప్రమాదకారి రోడ్డు దుమ్ము. అందులోని క్వార్ట్జ్ రేణువు గట్టిదనంలో మామూలు ఉక్కును మించుతుంది. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా అది నేరుగా బోరులోకి దిగి అరగదీస్తుంది. క్వార్ట్జ్‌ను అయస్కాంతం ఏమీ చేయలేదు. దుమ్ము రేగే దారుల్లో తిరిగే బండికి డ్రెయిన్ బోల్టు కన్నా ముందు చూసుకోవలసింది ఎయిర్ ఫిల్టర్‌నే.

ఇనుము కలిసిన ప్రతి లోహమూ అంటుకుంటుందన్న హామీ కూడా లేదు. ఈ ముచ్చటకు విజయనగరం జిల్లాతో దగ్గరి సంబంధం ఉంది. గరివిడి, చీపురుపల్లి ప్రాంతాలు మాంగనీసుకు పేరుపడ్డవి, 1890లలోనే ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. ఉక్కులో మాంగనీసు ఒక శాతం లోపు కలిస్తే బలం పెరుగుతుంది, అయస్కాంతం దాన్ని మామూలుగానే లాగుతుంది. అదే 12 శాతం దాకా కలిపితే సంగతి తిరగబడుతుంది. ఇంగ్లండ్‌లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో తయారుచేసిన ఈ ఉక్కు దెబ్బ తినేకొద్దీ గట్టిపడుతుంది, అయస్కాంతానికి మాత్రం లొంగదు. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగుల్లో వాడేది ఈ రకమే. అదృష్టవశాత్తు స్కూటర్ ఇంజిన్‌లో అరిగే బేరింగు ఉక్కు, గేరు ఉక్కు, బోరులోని పోత ఇనుము అన్నీ అయస్కాంతం లాగే రకాలే.

ఏ అయస్కాంతం అన్నది ముఖ్యమైన ప్రశ్న. గాలితో చల్లబడే స్కూటర్ ఇంజిన్‌లో వేసవి రద్దీలో ఆయిల్ వేడి వంద డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. నేడు మార్కెట్లో ఎక్కువగా దొరికేవి నియోడిమియం అయస్కాంతాలు. జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ శాస్త్రవేత్తలు 1980ల ఆరంభంలో విడివిడిగా కనిపెట్టిన వీటి బలానికి సాటి లేదు. కానీ వేడి వీటికి పడదు. సాధారణ గ్రేడు 80 డిగ్రీల దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. ఆ పైన బలం కోల్పోవడం మొదలవుతుంది, చల్లారాక కోల్పోయినదంతా తిరిగి రాదు. హెచ్ గ్రేడు 120, ఎస్‌హెచ్ 150 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. గ్రేడు చెప్పని చవక బోల్టు కొంటే కొన్నాళ్లకు అది ఉత్త బోల్టుగా మిగిలే అవకాశం ఉంది. సమేరియం-కోబాల్ట్ అయస్కాంతం బలంలో కాస్త తక్కువైనా మూడు వందల డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదు. ధర మాత్రం ఎక్కువ.

సమేరియం-కోబాల్ట్ తయారీకి ఉత్తరాంధ్రలోనే ఒక చిరునామా ఉంది. విశాఖపట్నంలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ప్రాంగణంలో ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్ఈఎల్ నెలకొల్పిన అరుదైన మృత్తికల శాశ్వత అయస్కాంత కర్మాగారాన్ని 2023 మే 11న ప్రధాని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు దాని సామర్థ్యం. ప్రధానంగా రక్షణ, అణుశక్తి, అంతరిక్ష రంగాల అవసరాలకు ఉద్దేశించినది కాబట్టి స్కూటర్ బోల్టు అక్కడి నుంచి రాదు. ముడిసరుకు వైపు చూస్తే, భీమిలి నుంచి శ్రీకాకుళం మీదుగా ఒడిశా దాకా తీరం ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్‌లతో పాటు మోనజైట్ కూడా ఉంది. నియోడిమియం, సమేరియం మన దేశంలో దొరికేది ప్రధానంగా మోనజైట్ నుంచే. 2025 ఏప్రిల్‌లో చైనా సమేరియంతో సహా ఏడు అరుదైన మృత్తికల ఎగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు మన విద్యుత్ స్కూటర్ల తయారీదారులు కలవరపడ్డారు. ఆ బండ్ల మోటారు తిరిగేదే అలాంటి అయస్కాంతాల బలంతో.

బోల్టు విప్పాక దాని కొన మీద ఏం కనిపిస్తే ఏమనుకోవాలి? అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలని నల్లటి లేహ్యం లాంటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. మొదటి సర్వీసులో ముద్ద కాస్త మందంగా ఉన్నా కంగారు పడనక్కర్లేదు. సూదుల్లా నిక్కబొడుచుకున్న సన్నటి తునకలు, మెరిసే రేకులు కనిపిస్తే బేరింగు ఉపరితలం పెచ్చులూడుతోందేమో అనుమానించాలి. వంపు తిరిగిన సన్నటి పోగులు గట్టి వస్తువేదో లోహాన్ని కోస్తోందని చెబుతాయి. చేతికి స్పష్టంగా తగిలే ముక్క, గేరు పన్ను కొన, చైన్ లింకు తునక లాంటివి దొరికితే బండి స్టార్ట్ చేయకుండా ఇంజిన్ విప్పించడమే మార్గం. బోల్టు శుభ్రంగా ఉండి, దింపిన ఆయిల్ మాత్రం తళతళలాడుతుంటే అది అల్యూమినియం పొడి కావచ్చు. అది పిస్టన్ గురించిన హెచ్చరిక.

పెద్ద యంత్రాలకు ఇదే పరీక్షను ప్రయోగశాలలో చేస్తారు. రైలింజిన్ల ఆయిల్ నమూనాను స్పెక్ట్రోమీటరులో మండించి ఇనుము, రాగి, అల్యూమినియం, సిలికాన్ ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టే పద్ధతిని 1940లలో అమెరికా రైల్వేలు మొదలుపెట్టాయి. భారతీయ రైల్వే డీజిల్ షెడ్లలోనూ ఇది సాధారణ పరీక్షే. విచిత్రమేమంటే స్పెక్ట్రోమీటరు బలం పది మైక్రాన్ల లోపు రేణువుల దగ్గర. అంతకంటే పెద్దవి సరిగా మండక లెక్కకు అందవు. అయస్కాంతపు బోల్టు బలం పెద్ద రేణువుల దగ్గర. ఒకదానికి కనిపించనిది రెండోదానికి కనిపిస్తుంది.

కనిపించినదాన్ని తప్పుగా చదివితే ఎంత నష్టమో 2009లో స్కాట్లండ్ తీరంలో తేలింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఉత్తర సముద్రపు చమురు ప్లాట్‌ఫారమ్ నుంచి వస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ ప్రధాన గేరుబాక్సు విరిగి కూలిపోయింది. అందులో ఉన్న పదహారు మందీ చనిపోయారు. వారం కిందట, మార్చి 25న, ఆ గేరుబాక్సులోని అయస్కాంతపు డిటెక్టరు ఒక లోహపు రేణువును పట్టుకుంది. అది గేరు ఉక్కు నుంచి ఊడిన పెచ్చని ఎవరూ గుర్తించలేకపోయారు. ఆ పెచ్చు నడిమి గేరు చుట్టూ తిరిగే గ్రహగేరుదని బ్రిటన్ దర్యాప్తు సంస్థ భావించింది. అదే గేరుబాక్సులో మరోచోట అమర్చిన అయస్కాంతాల వలయం కొంత రజనును తనవైపు లాగేసుకుని, డిటెక్టరుకు రజను చేరే అవకాశాన్ని తగ్గించిందని కూడా తేల్చింది. అయస్కాంతం పట్టినంత మాత్రాన సరిపోదు, పట్టినదాన్ని చూసేవాళ్లుండాలి.

స్కూటర్‌లో చాలామంది మరిచిపోయే చోటు వెనక చక్రం దగ్గరి చిన్న గేరుబాక్సు. బెల్టు తిప్పుడును తగ్గించి చక్రానికి అందించే ఈ పెట్టెలో ఆయిల్ 120 మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దానికి పంపు లేదు, జాలీ లేదు. గేర్లు తిరుగుతూ చిమ్మే ఆయిలే ఆధారం. గేరు పళ్ల నుంచి రాలిన ఉక్కు రజనుకు బయటికి దారి లేక, ఆయిల్ మార్చేదాకా బేరింగుల్లోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ మార్చినప్పుడల్లా గేర్ ఆయిల్ సంగతి అడిగేవాళ్లు తక్కువ. ఇంజిన్ కన్నా ఈ పెట్టెకే అయస్కాంతపు బోల్టు ఎక్కువ మేలు చేస్తుంది. ఇక్కడ రాలేది దాదాపు అంతా ఉక్కే, ఆయిల్ కొంచెమే, అయస్కాంతానికి దూరం కూడా తక్కువ.

బిగించేటప్పుడు జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఇంజిన్ పెట్టె అల్యూమినియం, బోల్టు ఉక్కు. మరలు సరిపోని బోల్టును బలవంతంగా తిప్పితే నష్టపోయేది పెట్టె. 12 మి.మీ. బోల్టుల్లోనే 1.25, 1.5, 1.75 మి.మీ. మర దూరం ఉన్నవి దొరుకుతాయి, కంటికి ఒకేలా కనిపిస్తాయి. పాత బోల్టును పక్కన పెట్టి మరలు కలిపి చూడాలి. కొత్త బోల్టు మొదట చేతితోనే సాఫీగా తిరగాలి. అయస్కాంతం కొన పాత బోల్టు కన్నా మరీ పొడుగైతే లోపల జాలీకో మరో భాగానికో తగలవచ్చు. అయస్కాంతాన్ని జిగురుతో అంటించిన బోల్టు కన్నా లోహంలో గుంత తీసి అంచులు వంచి బిగించినది మేలు. నియోడిమియం పెళుసు, ఊడితే ముక్కలవుతుంది. వాషర్ కొత్తది వేయాలి. బిగింపు పుస్తకంలో చెప్పిన టార్క్ మేరకే ఉండాలి. పొడుగు స్పానర్ వేసి బలం చూపితే మర పోయి బుష్ వేయించుకోవలసి వస్తుంది. వారంటీలో ఉన్న బండికైతే ముందు సర్వీస్ సెంటర్లో ఒక మాట అడగడం మంచిది. కొందరు స్పీకరు అయస్కాంతాన్ని బయటి నుంచి బోల్టు తలకు అతికిస్తారు. గతుకులకు అది ఊడి పడుతుంది, లోపలికి అందే బలం కూడా అంతంతమాత్రం.

ఈ బోల్టు ఆయిల్ మార్చే గడువును పెంచదు. ఆయిల్ చెడేది రజను ఒక్కదానివల్లే కాదు. వేడి, ఇంధనం మసి, దగ్గరి ప్రయాణాల్లో ఇంజిన్ సరిగా వేడెక్కక మిగిలిపోయే నీటి తడి కూడా దాన్ని పాడుచేస్తాయి. వీటిలో ఏదీ అయస్కాంతానికి అంటదు. కంపెనీ పుస్తకంలోని గడువు దాటాక బోల్టు ఎంత శుభ్రంగా ఉన్నా ఆయిల్ మార్చవలసిందే. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ మట్టం, జాలీ, ఈ మూడూ సరిగా చూసుకునేవారికి అయస్కాంతపు బోల్టు తక్కువ ఖర్చులో దొరికే అదనపు కాపలా. ఆ మూడూ చూసుకోనివారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పెట్టించుకున్నవారు మెకానిక్ కాటన్ వేస్టుతో బోల్టు తుడిచేయకముందే దాన్ని అడిగి తీసుకోండి. కొనను తెల్ల కాగితం మీద రాసి, పక్కన తేదీ, మీటరు మీది కిలోమీటర్లు వేసి దాచండి. తర్వాతి సర్వీసులో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ముద్ద పెరిగినా, అందులో మెరిసే తునకలు కొత్తగా కనిపించినా ఆ కాగితం మెకానిక్‌కు చూపించండి. దింపిన పాత ఆయిల్‌ను కాలువలోకీ చంపావతి నది గట్టునా పారబోయకుండా, పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాపుకే ఇవ్వండి.